పరదేశులైన పొరుగువారు

పశ్చిమాఫ్రికాలో గినీ సింధుశాఖ తీరమున ఘానా, నైజీరియా అను రెండు దేశములు కలవు. ఈ రెంటికి ఉమ్మడి సరిహద్దు లేదు. టోగో, బెనిన్ అను రెండు సన్నని దేశములు నడుమ నిలిచి యున్నవి. అయినను అక్రా నగరమునుండి లేగోసునకు తీరపుబాటన అయిదు వందల కిలోమీటర్లు లేదు. రెంటిని ఇంగ్లీషువారే పాలించిరి. ఘానా 1957 మార్చి 6న, నైజీరియా 1960 అక్టోబరు 1న స్వతంత్రము లయ్యెను. కాల్బంతి ఆటలో ఈ ఇద్దరికి 1950 ప్రాంతమునుండి పోటీ కలదు. ఇటీవల జొలఫ్ అను ఎర్రని అన్నపు వంటకము ఎవరిది మేలైన దను వాదముకూడ పెరిగినది. ఆ పేరు సెనెగల్ ప్రాంతపు వోలోఫ్ జాతివారిది గనుక ఆ వాదములో ఇద్దరిదీ అరువు సొత్తే!

ఇవి నవ్వుకొనదగిన కలహములు. కాని ఈ రెండు దేశములు ఒకదాని ప్రజల నొకటి లక్షల సంఖ్యలో వెడలగొట్టిన చరిత్ర వేరొకటి యున్నది. అది 1969లో ఘానాలో మొదలై, 1983లోను 1985లోను నైజీరియాలో సాగినది. శ్రోతలలో పలువురు ఈ రెండవ సంగతిని అప్పటి వార్తలలో విని యుందురు. మొదటిదానిని విన్నవారు తక్కువ. మొదటిది తెలియనిచో రెండవది అర్థము కాదు.

ఘానా కప్పుడు గోల్డుకోస్టు అని పేరు. 1879లో టెట్టే క్వార్షీ అను కమ్మరి ఫెర్నాండో పో దీవినుండి కోకో గింజలు తెచ్చి నాటెను. ముప్పది రెండేండ్లు తిరుగకుండ, 1911 నాటికి, ఆ దేశము ప్రపంచములో కెల్ల ఎక్కువ కోకో పండించు దేశమయ్యెను. చాకొలెట్టు రుచి మరగిన ఐరోపావారికి ఎంత పండించినను చాలకుండెను. తోటలు పెరిగినకొలది కూలీలు కావలసి వచ్చిరి. ఉత్తరమునుండి, నేడు బుర్కీనా ఫాసో అనబడు అప్పర్ వోల్టానుండి, టోగోనుండి, నైజీరియానుండి జనము వచ్చిరి. నైజీరియావారిలో యోరుబా జాతివారు కూలి పనికంటె వర్తకమునం దారితేరినవారు. ఆఫా, ఒగ్బొమోషో, ఇలొరిన్ మొదలగు ఊళ్ళవారు తలపై గుడ్డల మూట, ఎనామెలు పళ్ళెములు పెట్టుకొని వచ్చి, మొదట సంతలందు నేలపై పరచుకొని అమ్మి, పిదప అంగళ్ళు పెట్టిరి. కుమాసిలోను, ఉత్తరమున టమాలేలోను సంత వ్యాపారములో పెద్ద పాలు వారిదే. భార్య ఒక అంగడి, భర్త ఒక అంగడి, తమ్ముడు మరియొక అంగడి. లాభములో కొంత స్వగ్రామమున ఇల్లు కట్టుటకు పంపుట వారి ఆచారము. ఘానాలో పుట్టి, అచటి ట్వీ భాషను మాతృభాషవలె మాటలాడు పిల్లలు వారి ఇండ్లలో నిండి యుండిరి. 1960 జనాభా లెక్కలలో ఘానా ప్రజలలో నూటికి సుమారు 12 మంది పరదేశ మూలము కలవారని తేలెను.

అయితే వీరు నిజముగ పరదేశులా? ఇంగ్లీషు పాలనలో వారట్లు వచ్చినపుడు ఎవరును అనుమతి పత్ర మడుగలేదు. అటు ఇటు ఒకే ప్రభుత్వము. స్వాతంత్ర్యము వచ్చిన రాత్రి వారు నిదురించిన చోటనే నిదురించిరి. తెల్లవారునప్పటికి పరదేశులైరి. రంగూను రేవులో మూటలు మోసిన మన కోరంగి కూలీలకును ఇట్టిదే జరిగినది. బర్మాను 1937లో ఇండియానుండి వేరు చేసిరి. వారి మీద అల్లరులు అంతకు ముందే, 1930 మే నెలలో, రేవు పనుల విషయమున చెలరేగెను. బ్రతుకుతెరువు కొరకు సముద్రము దాటిన తెలుగువారి బిడ్డలకు ఘానాలోని యోరుబా వర్తకుల గతి ఊహించుకొనుట కష్టము కాదు.

1960 తరువాత కోకో ధర పడిపోయెను. 1964-65లో పంట అయిదు లక్షల టన్నులు దాటగా, ఆ పంట సమృద్ధియే ధరను మరింత క్రుంగదీసెను. ఎన్‌క్రుమా ప్రభుత్వము అప్పులలో మునిగి 1966లో కూలిపోయెను. పట్టణములలో చదువుకొన్న యువకులకు ఉద్యోగములు లేవు. సంతకు పోయినచో అంగడిలో కూర్చున్న వాడు యోరుబావాడో, హౌసావాడో, లెబనానువాడో! దొంగతనమునకు, దొంగరవాణాకు, ధరల పెరుగుదలకు వారే కారణమని పత్రికలు వ్రాయసాగెను.

1969లో ఎన్నికలు జరిగి డాక్టరు కోఫీ అబ్రెఫా బుసియా ప్రధానమంత్రి అయ్యెను. ఈయన సామాన్యుడు కాడు. ఆక్స్‌ఫర్డులో డాక్టరు పట్టము పొందిన సమాజ శాస్త్రజ్ఞుడు. సెకొండి-తకొరాడి రేవు పట్టణములో వలస వచ్చినవారు, స్థానికులు ఎట్లు బ్రతుకుచున్నారో పరిశీలించి 1950లో ఒక నివేదిక ప్రకటించినవాడు. ఎన్‌క్రుమా కాలమున తానే ప్రవాసియై హాలెండులోను, ఇంగ్లండులోను తల దాచుకొన్నవాడు. అట్టివాని ప్రభుత్వమే అధికారమునకు వచ్చిన కొలది వారములలో, 1969 నవంబరు 18న, ఒక ఆజ్ఞ వెలువరించెను. నివాసానుమతి పత్రము లేని పరదేశులందరు రెండు వారములలో దానిని సంపాదింపవలెను, లేదా దేశము విడువవలెను. పరదేశుల కష్టము పుస్తకములలోను, అనుభవములోను చదువుకొన్న మనుష్యుడు ఇట్లు చేయుట మాకు ఈ కథలో అన్నింటికంటె కలవరము కలిగించు విషయము. విద్య ఒక్కటే మనుష్యుని మంచి పాలకునిగా చేయునను నమ్మక మున్నవారు బుసియా జీవితము చదువవలెను.

రెండు వారములలో అనుమతి పత్రము సంపాదించుట కాగల పని కాదు. కచేరీల ముందు బారులు తీరిరి. అప్పులు వసూలు కాలేదు. ఇంటిని, అంగడిని, సరకును వచ్చిన వెలకు అమ్ముకొని లారీ లెక్కిరి. లక్ష మందికి పైగా దేశము విడిచిరని అంచనా. ఎన్నడును చూడని ‘స్వగ్రామము’నకు చేరిన పిల్లలకు అచటి యాస తెలియదు. నైజీరియాలో అప్పుడు అంతర్యుద్ధము సాగుచుండెను. 1970 జనవరి వరకు అది ముగియలేదు. తిరిగి వచ్చినవారిని ఆదరించు స్థితిలో ఆ ప్రభుత్వము లేదు. ఘానాకును మేలు కలుగలేదు. కోకో తోటలకు కూలీలు దొరకలేదు. పల్లెలకు సరకు చేర్చు చిన్న వర్తకులు పోవుటచే పలుచోట్ల సంతలు పాడుపడెను. 1970లో ఒక చట్టము చేసి చిన్న వ్యాపారములను స్వదేశీయులకే కేటాయించిరి. 1972 జనవరి 13న సైనికులు బుసియా ప్రభుత్వమును కూలద్రోసిరి. ఆయన మరల ప్రవాసియై ఇంగ్లండులోనే కన్ను మూసెను.

ఇక చక్రము తిరిగెను. నైజీరియాలో 1956లో ఒలొయిబిరి వద్ద చమురు కనుగొనిరి. 1973-74లో ప్రపంచమున చమురు ధర నాలుగింత లయ్యెను. లేగోసులో వంతెనలు, మేడలు లేచెను. అబూజాలో క్రొత్త రాజధాని నిర్మింప నిశ్చయించిరి. 1976లో అందరికి ప్రాథమిక విద్య అను పథకము ప్రారంభించుటతో ఉపాధ్యాయులకు కరవు వచ్చెను. మన దేశమునుండియు ఎందరో ఉపాధ్యాయులు అచటికి పోయిరి. కాని అందరికంటె మిక్కుటముగ పోయినవారు ఘానావారు. ఘానాలో జీతము వారము దినములకు చాలని స్థితి. సెడీ నాణెము విలువ లేక, సబ్బునకు, చక్కెరకు బారులు తీరవలసి యుండెను. పంతుళ్ళు, డాక్టర్లు, తాపీపనివారు, దర్జీలు, రేవు కూలీలు, పనికత్తెలు లారీలపై తూర్పునకు పోయిరి. నైజీరియా పల్లెలలో ఇంగ్లీషు, లెక్కలు ఘానా పంతులువద్ద నేర్చితిమని చెప్పువారు నేటికిని ఉన్నారు.

ఈ ప్రయాణమునకు చట్టపు అండకూడ దొరకెను. 1975 మే 28న లేగోసులోనే పశ్చిమాఫ్రికా దేశముల ఆర్థిక సమాజము స్థాపితమయ్యెను. 1979 మేలో డాకారున చేసికొన్న ఒడంబడిక ప్రకారము ఒక సభ్యదేశపు పౌరుడు మరియొక దేశములో వీసా లేకుండ 90 దినము లుండవచ్చును. తొంబదియొకటవ దినమున ఏమి చేయవలెనో ఎవరును పట్టించుకొనలేదు. పని యున్నంత కాలము ఎవరును అడుగలేదు.

పని తగ్గగనే అడిగిరి. 1981 తరువాత చమురు అమ్మకము, ధర రెండును పడిపోయెను. 1983 నాటికి నైజీరియా చమురు రాబడి 1980 నాటి దానిలో సగమునకు దిగెను. కర్మాగారములు మూతబడెను. 1980 డిసెంబరులో కానో నగరమున మైతాత్సినే అను మత బోధకుని అనుచరులు చేసిన అల్లరిలో వేల మంది చనిపోయిరి. అతడు కామెరూనునుండి వచ్చినవాడగుటచే పరదేశులందరి మీద అనుమానము పడెను. దోపిడి జరిగిన చోటనెల్ల ఘానావారి పేరు వినబడెను. 1983 ఆగస్టులో ఎన్నికలు రానున్నవి. ఆ సంవత్సరము జనవరి 17న ఆంతరంగిక మంత్రి అలీ బాబా ఒక ప్రకటన చేసెను. అనుమతి లేని పరదేశులు జనవరి 31 లోపున దేశము విడువవలెను. నైపుణ్యము గల పనివారికి మాత్రము ఫిబ్రవరి 28 వరకు గడువు. ప్రభుత్వోద్యోగులకు మినహాయింపు.

మరల రెండు వారములే! 1969లో ఘానా ఇచ్చిన గడువు నైజీరియా పత్రికలకు, ప్రజలకు బాగుగా గుర్తున్నది. ‘మీరు మాకు చేసినదే’ అను మాట బజారులో వినబడెను. ఇది పగ తీర్చుకొనుటయే అని కొందరు వ్రాసిరి. మాకట్లు తోచదు. పగయే కారణమైనచో పదునాలుగేండ్లు ఆగనేల? చమురు ధర నిలిచి యున్నచో 1969 ఎవరికిని జ్ఞాపకము వచ్చెడిది కాదు. పాత గాయము కారణము కాదు గాని, చేయదలచిన పనికి సాకుగా అది చాలినది.

సుమారు ఇరువది లక్షల మందికి ఈ ఆజ్ఞ తగిలినదని అంచనా. వారిలో సగము మందో, అంతకు పైనో ఘానావారు. వారు పోవలసిన త్రోవయు మూసియున్నది. ఘానా పాలకుడు ఫ్లైట్ లెఫ్టినెంట్ రాలింగ్స్ దొంగరవాణా నరికట్టుటకు 1982 సెప్టెంబరులో టోగో సరిహద్దు మూసివేసెను. ఘానా ద్వారము తెరువనిచో ఈ జనమంతయు తమ నెత్తిన పడుదురని టోగో తన ద్వారము మూసెను. ఆ భయముతోనే బెనిన్ కూడ మూసెను. నైజీరియా తరుముచున్నది, ముందున్న మూడు ద్వారములు మూతబడి యున్నవి. సెమే సరిహద్దున, లేగోసు రేవున, విమానాశ్రయమున లక్షల జనము ఎండలో, ధూళిలో పడియుండిరి. త్రాగునీరు లేదు. లారీలు క్రిక్కిరిసి, పైనుండి జారిపడి చనిపోయినవారును కలరు. జనవరి 29న ఘానా సరిహద్దు తెరచెను. అటుపిమ్మట ద్వారములన్నియు తెరచుకొనెను.

చేతికి దొరకిన సామానెల్ల వారు గళ్ళ ప్లాస్టిక్ సంచులలో కుక్కుకొనిరి. ఎరుపు, నీలము, తెలుపు గళ్ళు గల చవుకైన అల్లిక సంచులు అవి. మన బస్సుస్టాండులలోను కనబడును. నైజీరియాలో ఆ సంచికి ‘ఘానా మస్ట్ గో’ అనియే పేరు స్థిరపడెను. ‘ఘానా పోవలెను’ అని దాని అర్థము. అంగడికి పోయి ‘రెండు ఘానా మస్ట్ గో ఇమ్ము’ అని అడుగుదురట. పిదప లంచపు సొమ్ము మోయు సంచి అను అర్థముకూడ ఆ మాటకు కలిగినది.

వచ్చినవారిని అక్రాలోని వాణిజ్య ప్రదర్శనశాల ఆవరణమున దింపుకొని, లారీలలో వారి వారి జిల్లాలకు పంపిరి. పదిలక్షల మంది ఒక్కసారిగ వచ్చి పడినను పెద్ద శరణార్థి శిబిరములు వెలయలేదు. కొన్ని వారములలోనే వారు పల్లెలలో బంధువుల ఇండ్లలో ఇమిడిపోయిరి. అది సామాన్యమైన సంవత్సరము కాదు. వానలు లేక అడవులకు, కోకో తోటలకు నిప్పంటుకొని యున్నది. 1983-84లో కోకో పంట లక్షా అరువది వేల టన్నులకు లోపే. తిండి లేక మెడ ఎముకలు పైకి తేలగా దానికి ‘రాలింగ్స్ హార’మని ఎగతాళి పేరు పెట్టుకొనిరి. అట్టి ఇండ్లలో ఒక్కొక్క కంచము చుట్టు మరి ఇద్దరు ముగ్గురు కూర్చుండిరి. విదేశ పరిశీలకులు దీనిని చూచి ఆశ్చర్యపడిరి. మేనమామ ఇల్లు, పెదతండ్రి ఇల్లు అను మాటలకు అర్థ మెరిగిన మన పాఠకులు అంతగా ఆశ్చర్యపడరనుకొందుము.

నైజీరియా పరిస్థితి చక్కబడలేదు. అధ్యక్షుడు షగారీ ఎన్నికలో గెలిచెను గాని, 1983 డిసెంబరు 31న సైనికులు ఆయనను దింపిరి. పరదేశులు పోయినను నిరుద్యోగము పోలేదు. పోయినవారిలో ఎందరో తిరిగి వచ్చిరి. 1985 మేలో బుహారీ ప్రభుత్వము సుమారు ఏడు లక్షల మందిని మరల వెడలగొట్టెను. వారిలో మూడు లక్షలు ఘానావారు.

దరిమిలాను ఘానా ఆర్థికముగ కోలుకొనెను. ఇప్పుడు ప్రయాణము మరల పడమటికే. నైజీరియా వర్తకులు, విద్యార్థులు అక్రాకు, కుమాసికి వచ్చి యున్నారు. సెల్‌ఫోనులు, మోటారు విడిభాగములు అమ్ముదురు. 2013లో ఘానా చేసిన పెట్టుబడుల చట్టము సంతలోని చిల్లర వ్యాపారమును స్వదేశీయులకే విడిచినది. ఆ చట్టము ప్రకారము పరదేశి వర్తక సంస్థ పెట్టదలచినచో పదిలక్షల డాలర్ల మూలధనము చూపవలసి యుండెను, ఇరువది మంది ఘానావారికి ఉద్యోగ మీయవలసి యుండెను. మోటారు విడిభాగముల అంగడికి పదిలక్షల డాలర్లు! బుసియా కాలపు 1970 చట్టమునకు ఇది మనుమరాలు. 2019, 2020లలో నైజీరియనుల అంగళ్ళకు తాళములు పడెను. అదే కాలమున, 2019 ఆగస్టునుండి 2020 డిసెంబరు వరకు, నైజీరియా తన భూసరిహద్దులను మూసివేయగా ఘానా వర్తకుల సరకు దారిలో చిక్కుకొనెను.

2022 మార్చి 29న అబూజాలో ప్రపంచ కప్పు అర్హతకై ఆడిన కాల్బంతి పోటీ 1-1తో ముగిసి, పరాయి గడ్డపై చేసిన గోలు లెక్కన ఘానా పైకి పోయెను. ప్రేక్షకులు మైదానములోనికి దూకి అల్లరి చేసిరి. 2025 జూలైలో అక్రా నగరమున ఊరేగింపులు జరిగెను. ఆ నినాదములలో దేశము పేరు మాత్రము మారెను: ఈమారు పోవలసినవారు నైజీరియనులు. నైజీరియా విదేశాంగ సహాయమంత్రి అక్రాకు పోయి ఘానా పాలకులతో మాటలాడెను. ఒడంబడిక ప్రకారము మా వారికి నివసించు హక్కు కలదని నైజీరియా వాదము. నివసించు హక్కు వేరు, సంతలో అంగడి పెట్టు హక్కు వేరని ఘానా వర్తక సంఘముల వాదము. 2013 చట్టములోని ఆ నిబంధనల మీదనే ఆ తగవంతయు నిలిచియుండెను.