వైన్ రసాయన విశ్లేషణ

ద్రాక్షరసాన్ని కిణ్వనం చేయగా లభించే పానీయం వైన్. దీనిలోని రసాయన పదార్థాలను గుర్తించి, వాటి పరిమాణాలను ప్రయోగశాలలో నిర్ణయించడాన్ని '''వైన్ రసాయన విశ్లేషణ''' అంటారు. తెలుగునాట ''వైన్స్'' అనే పేరుగల దుకాణాలలో అన్ని రకాల మద్యాలు అమ్ముతారు. ఈ వ్యాసంలో మాత్రం ద్రాక్ష నుండి తయారైన వైన్ గురించి మాత్రమే వివరించబడినది. నాణ్యతను కాపాడటం, చెడిపోవడాన్ని ముందుగా పసిగట్టడం, కల్తీని కనిపెట్టడం ఈ విశ్లేషణ యొక్క ముఖ్య ఉద్దేశాలు.

== వైన్‌లోని అంశాలు ==

సాధారణ వైన్‌లో అధికభాగం నీరే. ఆ తరువాత స్థానం ఇథైల్ ఆల్కహాలుది. ఇది ఘనపరిమాణంలో సుమారు 9 నుండి 15 శాతం వరకు ఉంటుంది. మిగిలిన ముఖ్యమైన పదార్థాలు:

* ఆమ్లాలు: టార్టారిక్, మాలిక్, లాక్టిక్, సిట్రిక్, ఎసిటిక్ ఆమ్లాలు. వీటి వలన వైన్ పి.హెచ్. విలువ సాధారణంగా 3, 4 ల మధ్య ఉంటుంది.
* చక్కెరలు: కిణ్వనం చెందక మిగిలిన గ్లూకోజు, ఫ్రక్టోజు.
* ఫెనోలిక్ సమ్మేళనాలు: వగరు రుచినిచ్చే టానిన్లు, ఎర్రరంగునిచ్చే ఆంథోసయనిన్లు.
* గ్లిసరాల్, ఖనిజ లవణాలు, సువాసననిచ్చే ఎస్టర్లు.
* సల్ఫర్ డయాక్సైడ్: నిల్వ కొరకు కలిపే పదార్థం.

== ఆల్కహాలు శాతం ==

కొలిచిన వైన్‌ను క్షారంతో తటస్థీకరించి స్వేదనం చేస్తారు. స్వేదన ద్రవానికి నీరు కలిపి మొదటి ఘనపరిమాణానికి తెచ్చి, 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సాంద్రత కొలుస్తారు. నీటి సాంద్రత 0.998 కాగా ఇథైల్ ఆల్కహాలు సాంద్రత 0.789. కనుక ఆల్కహాలు పెరిగినకొద్దీ మిశ్రమం సాంద్రత తగ్గుతుంది. ప్రమాణ పట్టికల నుండి శాతాన్ని తెలుసుకుంటారు.

== ఆమ్లత్వం ==

'''మొత్తం ఆమ్లత్వం:''' మొదట వైన్‌లో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించాలి. తరువాత సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో అంశమాపనం చేస్తారు. ఎర్ర వైన్‌లో సూచిక రంగుమార్పు సరిగా కనబడదు కాబట్టి పి.హెచ్. మీటరు వాడతారు. ఉదాహరణకు 10 మి.లీ. వైన్‌కు 0.1 నార్మల్ క్షారం 8 మి.లీ. ఖర్చయినచో, టార్టారిక్ ఆమ్లం తుల్యాంక భారం 75 కనుక, ఆమ్లత్వం లీటరుకు 8 × 0.1 × 75 ÷ 10 = 6 గ్రాములు.

'''బాష్పశీల ఆమ్లత్వం:''' ఇందులో ప్రధానమైనది ఎసిటిక్ ఆమ్లం, అనగా వినెగార్‌లోని ఆమ్లం. బాక్టీరియా చేరి వైన్ పులిసిపోతున్నదనడానికి ఇది గుర్తు. నీటిఆవిరితో స్వేదనం చేసి దీనిని వేరుచేస్తారు. ఐరోపా సమాఖ్యలో ఎర్ర వైన్‌కు సాధారణ గరిష్ఠ పరిమితి లీటరుకు 1.2 గ్రాములు.

== సల్ఫర్ డయాక్సైడ్ ==

ఇది సూక్ష్మజీవులను, ఆక్సీకరణాన్ని అరికడుతుంది. వైన్‌లో కొంత స్వేచ్ఛగా, కొంత ఇతర పదార్థాలతో బంధితమై ఉంటుంది. స్వేచ్ఛా రూపంలోనూ సూక్ష్మజీవులపై బాగా పనిచేసేది అణురూపంలో ఉన్న భాగమే. ఈ భాగం పి.హెచ్. 3.0 వద్ద సుమారు 6 శాతం, 3.5 వద్ద సుమారు 2 శాతం మాత్రమే. అందువలన పి.హెచ్. తెలియకుండా సల్ఫర్ డయాక్సైడ్ ఎంత కలపాలో నిర్ణయించలేరు.

రిప్పర్ పద్ధతిలో వైన్‌ను ఆమ్లీకరించి, స్టార్చి సూచికగా అయొడిన్‌తో అంశమాపనం చేస్తారు. నీలిరంగు నిలవడం అంత్యస్థానం. సల్ఫైట్లు కొందరు ఉబ్బసరోగులకు హాని చేస్తాయి. అందుచేత ఐరోపా సమాఖ్యలో, అమెరికాలో లీటరుకు 10 మి.గ్రా. మించినప్పుడు సీసాపై ఆ విషయం తెలపడం తప్పనిసరి.

== ఫెనోలిక్ సమ్మేళనాలు ==

వీటి మొత్తాన్ని ఫోలిన్–సియోకాల్టు కారకంతో కొలుస్తారు. చర్యలో ఏర్పడే నీలిరంగు తీవ్రతను స్పెక్ట్రోఫోటోమీటరుతో నిర్ణయిస్తారు. ఈ కారకానికి పేరునిచ్చిన ఆటో ఫోలిన్ హార్వర్డులో జీవరసాయనశాస్త్ర శాఖకు అధిపతి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించింది ఆ శాఖలో పనిచేస్తున్నప్పుడే.

== కల్తీని కనుగొనుట ==

1985లో ఆస్ట్రియా వైన్‌లలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిపిన విషయం బయటపడింది. రుచిలో తీపిని, చిక్కదనాన్ని పెంచే ఈ పదార్థం మూత్రపిండాలకు హానికరం. దీని ఫలితంగా ఆస్ట్రియా అదే సంవత్సరం కఠినమైన వైన్ చట్టం చేసింది.

1986లో ఇటలీలో ఆల్కహాలు శాతం పెంచడానికి మిథైల్ ఆల్కహాలు కలిపిన వైన్ తాగి 20 మందికి పైగా మరణించారు. కొందరు చూపు కోల్పోయారు. శరీరంలో మిథైల్ ఆల్కహాలు ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. దీని సాంద్రత 0.791, ఇథైల్ ఆల్కహాలుకు దాదాపు సమానం. స్వేదనంలో రెండూ కలిసే వస్తాయి. కనుక సాంద్రత పరీక్ష ఒక్కటే చేస్తే ఈ విషం బయటపడక, మంచి ఆల్కహాలుగానే లెక్కకు వస్తుంది. రెండింటినీ విడదీసి చూపేది గ్యాస్ క్రోమటోగ్రఫీ.

ద్రాక్షలోని పెక్టిన్ వలన స్వల్పంగా మిథైల్ ఆల్కహాలు సహజంగానే ఏర్పడుతుంది. అందుచేత అంతర్జాతీయ ద్రాక్ష–వైన్ సంస్థ దీనికి పరిమితి విధించింది: ఎర్ర వైన్‌లో లీటరుకు 400 మి.గ్రా., తెల్ల వైన్‌లో 250 మి.గ్రా. 1924లో ఒప్పందం ద్వారా ఏర్పడిన ఈ సంస్థ విశ్లేషణ పద్ధతుల సంకలనాన్ని కూడా ప్రచురిస్తుంది. భారతదేశం 2011లో ఇందులో చేరింది.

== ఇవి కూడా చూడండి ==

* కిణ్వనం
* ద్రాక్ష
* మిథైల్ ఆల్కహాలు
* యల్లాప్రగడ సుబ్బారావు