దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి – చరిత్ర

మూత్రపిండాల వడపోత శక్తి తగ్గడం, లేదా మూత్రంలో ప్రొటీను పోవడం వంటి హాని గుర్తులు మూడు నెలలకు మించి నిలవడం ఈ వ్యాధి. వాడుకలో కిడ్నీ జబ్బు. మొదట్లో నొప్పి ఉండదు. కాళ్ళు ఉబ్బి, అన్నం సయించక, ఆయాసం మొదలయ్యేసరికి చాలామందిలో ఆ శక్తి సగానికి పైగా పోయి ఉంటుంది.

ప్రాచీన వైద్యులు మూత్ర దోషాలను గుర్తించారు. ఒంటివాపు, మూత్రంలో ప్రొటీను, చెడిన మూత్రపిండం ఒకే జబ్బు లక్షణాలని 1827లో లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ చూపాడు. 1943లో నెదర్లాండ్స్‌లో వైద్యుడు విలెం కోల్ఫ్ రక్తాన్ని వడకట్టే డయాలసిస్ యంత్రాన్ని వాడాడు.

ఈ వ్యాధి వంశపారంపర్య రూపాల్లో ఎక్కువగా కనిపించేది, మూత్రపిండాల్లో తిత్తులు పెరిగే నీటితిత్తుల వ్యాధి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం. దీని ప్రధాన జన్యువును 1994లో గుర్తించారు. 1927లో వైద్యుడు ఆల్పోర్ట్ వర్ణించిన మరో రకంలో మూత్రంలో రక్తంతో పాటు చెవుడూ వస్తుంది.

తెలుగునాట ఈ చరిత్రకు కేంద్రం శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల సీమ ఇది. 1990లలో ఇక్కడి జబ్బు వైద్యుల దృష్టికి వచ్చింది. దేశంలో ఈ వ్యాధికి సాధారణ మూలాలు మధుమేహం, రక్తపోటు. ఉద్దానంలో ఆ రెండూ లేని రైతుకూలీలకూ రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టాల్సిన వ్యర్థం) పెరిగింది. వైద్యుడు టి. రవిరాజు ఓపికగా ఊరూరా పరీక్షలు నడిపారు. ఆయన బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షించిన పెద్దల్లో 18 శాతానికి పైగా ఈ జబ్బు తేలింది. భూగర్భజలంలోని సిలికా, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు అన్నిటినీ అనుమానించారు. ఒకే ఇంట్లో పలువురు రోగులుండడంతో వంశపారంపర్యం మాటా వచ్చింది. అయితే ఒకే ఇంటివారు తాగే నీరూ, చేసే పనీ ఒకటే. నీటితిత్తుల వ్యాధికి దొరికినట్టు ఉద్దానానికి ఒక్క జన్యువేదీ దొరకలేదు. శ్రీలంక వరి రైతుల్లో, మధ్య అమెరికా చెరకు కూలీల్లో ఇటువంటి జబ్బే ఉంది.

డయాలసిస్ కోసం ఏళ్ళ తరబడి రోగులు విశాఖపట్నం దాకా వెళ్ళేవారు. వారానికి రెండు మూడు సార్లు, కూలి మానుకొని, ఛార్జీలు పెట్టుకొని సాగిన ప్రయాణం అది. 2017 తర్వాత సోంపేట, పలాసల్లో కేంద్రాలు వచ్చాయి. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలైంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, వాటితోపాటే హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం ఊళ్ళకు తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి.