చక్రం చెప్పే జబ్బు: యంత్రాల చప్పుడు విన్న చరిత్ర

సంతలో కుండ కొనేవాళ్లు దాన్ని వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖంగున మోగితే కుండ గట్టిది. బొంగురుగా మోగితే ఎక్కడో కంటికి కనపడని బీట ఉన్నట్టే. లోపలికి తొంగి చూడకుండానే లోపలి సంగతి చెప్పే ఈ పరీక్షకు పరికరమేదీ అక్కర్లేదు. చెవి, అనుభవం ఉంటే చాలు. ఈనాడు మన వీధుల్లో తిరిగే ఎలక్ట్రిక్ సైకిలు చక్రం నడుమ దాగిన మోటారు మూలిగితే మెకానిక్ చేసే పరీక్ష కూడా మూలంలో ఇదే. కుండ నుంచి మోటారు దాకా వచ్చేసరికి ఈ చిన్న పరీక్ష శాస్త్రంగా ఎలా మారింది? ఆ కథలో వైద్యులున్నారు, రైల్వే కార్మికులున్నారు, గణితవేత్తలూ ఉన్నారు.

పీపా నుంచి ఛాతీ దాకా

వస్తువుల లోపలి కదలికలను అవి చేసే ధ్వనిని బట్టి తెలుసుకోవచ్చునని ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ ఊహించాడు. గడియారం టిక్కుటిక్కుమనడం వినపడుతున్నప్పుడు శరీరంలోని అవయవాల పని మాత్రం ఎందుకు వినపడకూడదన్నది ఆయన ఆలోచన. ఆయన చనిపోయిన తరువాత 1705లో అచ్చయిన రచనల్లో ఈ మాట ఉంది. కానీ అది ఊహగానే మిగిలింది.

దాన్ని ఆచరణలో పెట్టింది ఆస్ట్రియా వైద్యుడు లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగ్గర్. ఆయన తండ్రికి గ్రాజ్ పట్టణంలో సత్రం ఉండేది. పీపాలో సారాయి ఎంత మట్టానికి ఉందో తట్టి చూసి చెప్పడం అక్కడ మామూలు విషయం. ఈ కిటుకునే ఔవెన్‌బ్రుగ్గర్ రోగుల ఛాతీ మీద ప్రయోగించాడు. గాలి నిండిన చోట ఒక రకంగా, నీరు చేరిన చోట మరో రకంగా మోగుతుందని 1761లో ప్రకటించాడు. దాదాపు అర్ధ శతాబ్దం పాటు చాలామంది వైద్యులు దాన్ని పట్టించుకోలేదు. 1808లో ఫ్రెంచి వైద్యుడు కోర్విసార్ ఆ పుస్తకాన్ని అనువదించాకే దానికి గుర్తింపు వచ్చింది.

కోర్విసార్ శిష్యుల్లో ఒకడు రెనే లానెక్. 1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో గుండెజబ్బుతో ఉన్న యువతిని పరీక్షించవలసి వచ్చింది. ఆమె ఛాతీకి నేరుగా చెవి ఆనించడం మర్యాద కాదనిపించి, కాగితాలను గొట్టంలా చుట్టి విన్నాడు. నేరుగా విన్నప్పటి కంటె స్పష్టంగా వినిపించింది. తరువాత కొయ్యతో గొట్టం చేయించాడు. స్టెతస్కోపు అలా పుట్టింది.

అయితే లానెక్ గొప్పతనం గొట్టంలో లేదు. రోగి బతికి ఉండగా విన్న చప్పుళ్లను ఆయన రాసి పెట్టుకునేవాడు. రోగి మరణిస్తే శవపరీక్షలో ఊపిరితిత్తులను, గుండెను చూసి, ఏ చప్పుడుకు ఏ దెబ్బ కారణమో సరిపోల్చేవాడు. 1819లో వెలువడిన ఆయన గ్రంథం ఈ పోలికల ఫలితమే. విన్నదాన్ని విప్పి చూసినదానితో జతచేసినప్పుడే చప్పుడు జ్ఞానమవుతుంది. యంత్రాల విషయంలోనూ ఈ సూత్రంలో మార్పు లేదు.

సుత్తి పట్టిన రైల్వే కార్మికుడు

1842 మే 8న పారిస్, వెర్సాయ్ మధ్య నడిచే రైలు ప్రమాదానికి గురైంది. ఇంజను ఇరుసు విరగడంతో పెట్టెలు ఒకదాని మీద ఒకటి పడి మంటలంటుకున్నాయి. కనీసం 50 మంది చనిపోయారు. లోహం పదే పదే బరువు మోసి అలసిపోతుందని, పైకి బాగానే కనిపిస్తూ లోపల పగులు పెరుగుతుందని శాస్త్రజ్ఞులు ఆ తరువాతి సంవత్సరాల్లో గ్రహించారు. కనపడని పగులును కనిపెట్టడం ఎలా? రైల్వేలు కుండ పరీక్షనే ఆశ్రయించాయి. పొడుగు కాడ ఉన్న సుత్తి పట్టుకున్న కార్మికుడు స్టేషన్లో ఆగిన రైలు వెంట నడుస్తూ ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి వినేవాడు. గంటలా మోగితే మంచిది, మొద్దుగా మోగితే పగులు. మన దేశపు స్టేషన్లలోనూ ఈ టంగు టంగు చప్పుడు విన్న ప్రయాణికులెందరో ఉన్నారు.

ఆ చక్రాలు ఆగి ఉన్న చక్రాలు. తిరుగుతున్న చక్రం చప్పుడు వినడం వేరే విద్య. దానికి సైకిలు దారి తీసింది. ఇరుసుకూ చక్రానికీ మధ్య ఉక్కు గుండ్లు ఉంచే బాల్ బేరింగుకు వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ 1794లోనే పేటెంటు పొందాడు. 1869లో ఫ్రాన్సులో జూల్ సురిరే సైకిలు చక్రాలకు బేరింగులు అమర్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. స్వీడన్‌లోని ఒక బట్టల మిల్లులో ఇంజనీరుగా పనిచేసిన స్వెన్ వింక్విస్ట్, ఇరుసు కాస్త వంగినా సర్దుకునే బేరింగును 1907లో రూపొందించాడు. బేరింగు బాగుంటే చప్పుడు చేయదు. గుండు తిరిగే దారిలో చిన్న గుంట పడినా ప్రతి గుండూ దాని మీదుగా పోయేటప్పుడు ఒకసారి ‘టక్’ మంటుంది. మెకానిక్కులు స్క్రూడ్రైవరు మొనను బేరింగు గూటికి ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు ఆనించి వినడం నేర్చుకున్నారు. ఇది లానెక్ కొయ్యగొట్టానికి వర్క్‌షాపు రూపం.

చక్రంలోకి వచ్చిన మోటారు

1895 డిసెంబరు 31న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కాంటన్‌కు చెందిన ఆగ్డెన్ బోల్టన్ ఒక సైకిలుకు పేటెంటు పొందాడు. దాని వెనక చక్రం నడుమనే ఆరు ధ్రువాల డి.సి. మోటారు ఉంది. గేర్లు లేవు. 10 వోల్టుల బ్యాటరీ నుంచి 100 ఆంపియర్ల దాకా కరెంటు తీసుకునేలా దాన్ని రూపొందించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఫెర్డినాండ్ పోర్షె ముందు చక్రాల నడుమ మోటార్లు పెట్టిన కారును చూపించాడు. ఈ ఆలోచనలు కాలానికి ముందుగా వచ్చాయి. సీసపు బ్యాటరీలు బరువు. కరెంటును తిరిగే చుట్టలకు అందించే బ్రష్షులు రాపిడికి అరిగిపోతాయి, నిప్పురవ్వలు చిమ్ముతాయి.

హబ్ మోటారు మళ్లీ బతికి రావడానికి మూడు ఆవిష్కరణలు కలవవలసి వచ్చింది. అయస్కాంత క్షేత్రాన్ని బట్టి వోల్టేజి పుడుతుందని ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్నాడు. దీని ఆధారంగా తయారైన హాల్ సెన్సారు, అయస్కాంతం ఎక్కడుందో చెబుతుంది. 1962లో విల్సన్, ట్రికీ అనే ఇద్దరు ఇంజనీర్లు బ్రష్షుల పనిని అర్ధవాహక పరికరాలతో చేయించే మోటారును వర్ణించారు. 1982లో జపాన్‌కు చెందిన మసాతో సగవ బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని తయారు చేశాడు. అదే కాలంలో అమెరికాలో జాన్ క్రోట్ వేరే పద్ధతిలో అదే ఫలితం సాధించాడు. ఈ మూడూ కలిసి బ్రష్షులు లేని చిన్న మోటారును చక్రం నడుమ ఇమిడ్చాయి.

ఈ మోటారు నిర్మాణంలో ఒక విశేషముంది. మామూలు మోటారులో ఇరుసు తిరుగుతుంది, పెంకు నిలిచి ఉంటుంది. ఇందులో ఇరుసు నిలిచి ఉంటుంది, పెంకు చక్రంతో పాటు తిరుగుతుంది. కనుక చక్రం తిరుగుతున్నా ఇరుసు కొనకు స్క్రూడ్రైవరు ఆనించి వినవచ్చు. లోపలి చప్పుడు ఉక్కు గుండా నేరుగా చెవికి చేరుతుంది.

చప్పుడును లెక్కపెట్టడం

చెవి పోల్చగలదు గాని కొలవలేదు. ఎంత సంక్లిష్టమైన కంపనాన్నైనా సరళమైన కంపనాల మొత్తంగా విడదీయవచ్చునని ఫ్రాన్సు గణితవేత్త ఫోరియే 1822లో వేడి మీద రాసిన గ్రంథంలో చూపాడు. 1939లో టి.సి. రాత్‌బోన్ అనే బీమా కంపెనీ ఇంజనీరు ఏ వేగంలో ఎంత కంపనం వరకు యంత్రానికి భయం లేదో చూపే పటాన్ని ప్రచురించాడు. యంత్రం పాడైతే డబ్బు చెల్లించవలసింది బీమా కంపెనీయే కదా! 1965లో కూలీ, ట్యూకీ ఫోరియే లెక్కను కంప్యూటరు మీద వేగంగా చేసే పద్ధతి ఇచ్చారు. అప్పటినుంచి చప్పుడులో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో త్వరగా తేలడం మొదలైంది.

దీన్ని మన సైకిలుకు అన్వయిద్దాం. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 2.07 మీటర్లు పోతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 3.35 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు ఒకసారి వచ్చే చప్పుడు సెకనుకు మూడు నాలుగు సార్లు వినపడుతుంది. విరిగిన స్పోకు, డిస్కుకు రాసుకునే బ్రేకు, ఊడి రాసుకుంటున్న అయస్కాంతం చేసే చప్పుడు ఇలాంటిదే. తొమ్మిది గుండ్లున్న బేరింగులో బయటి వలయం మీద గుంట పడితే చుట్టుకు సుమారు 3.6 సార్లు, లోపలి వలయం మీద పడితే సుమారు 5.4 సార్లు టకటకమంటుంది. అంటే సెకనుకు 12 లేక 18 సార్లు. ఇది విడివిడిగా కాక గరగరగా వినిపిస్తుంది. 46 అయస్కాంతాలున్న మోటారులో కరెంటు చుట్టుకు 23 ఆవర్తనాలు చేస్తుంది. ప్రతి ఆవర్తనంలో ఆరుసార్లు తీగలు మారే పాతరకం కంట్రోలరు ఉంటే సెకనుకు సుమారు 460 కంపనాల ఝుంకారం పుడుతుంది. ఇది జబ్బు కాదు, మోటారు గొంతు. కరెంటును మెట్లు మెట్లుగా కాక అలలా పంపే కంట్రోలరు పెడితే ఈ గొంతు బాగా తగ్గుతుంది.

మూడు ప్రశ్నలు

అనుభవజ్ఞుడైన మెకానిక్ ఏ పరికరమూ లేకుండా మూడు ప్రశ్నలతో రోగాన్ని పట్టుకుంటాడు.

మొదటిది: పోతూ పోతూ యాక్సిలరేటరు వదిలేస్తే చప్పుడు ఆగిందా? వేగం తగ్గకముందే ఆగితే అది కరెంటుకో గేర్ల మీది భారానికో సంబంధించినది. ఆగకపోతే బేరింగు, బ్రేకు, స్పోకుల వంటి వాటిని చూడాలి.

రెండోది: చక్రాన్ని పైకెత్తి చేత్తో ముందుకు, వెనక్కు తిప్పితే తేడా ఉందా? గేర్లున్న మోటార్లలో తరచు మూడు నైలాను పళ్లచక్రాలు, ఒకవైపే పట్టే క్లచ్చు ఉంటాయి. ముందుకు తిప్పితే క్లచ్చు వదిలేస్తుంది కనుక మోటారు తిరగదు. అప్పుడు వచ్చే చప్పుడు చక్రం బేరింగులదే కావచ్చు. వెనక్కు తిప్పినప్పుడే కరకరలాడితే గేర్ల పళ్లు అరిగాయేమో చూడాలి. మోటారు గిర్రున తిరిగి చక్రం కదలకపోతే క్లచ్చు జారుతున్నట్టు, లేదా పళ్లు ఊడిపోయినట్టు.

మూడోది: బయలుదేరేటప్పుడు మోటారు వణుకుతూ గుర్రుమంటుందా? అలాగైతే మూడు లావు తీగల్లో ఒకటి తెగడమో, హాల్ సెన్సారు పాడవడమో జరిగి ఉంటుంది. బ్యాటరీ తీసినా చక్రం బిగిసి, ఆగి ఆగి తిరుగుతుంటే ఆ మూడు తీగలనూ కంట్రోలరు నుంచి విడదీయాలి. చక్రం తేలికపడితే తప్పు కంట్రోలరుది. తేలికపడకపోతే తప్పు తీగలదో మోటారుదో.

ఇందులో ప్రాణానికి సంబంధించిన సంగతి కూడా ఉంది. ఊడిన అయస్కాంతం పోతున్న చక్రాన్ని ఒక్కసారిగా బిగించేయగలదు. ఇరుసు నట్లు వదులైతే ఇరుసే తన గాడిలో తిరిగి తీగలను తెంపేస్తుంది, చక్రం ఊడి రావచ్చు. కొత్తగా ‘టక్’ మన్న చప్పుడు వినగానే దిగి చూడడం అందుకే అవసరం. బ్యాటరీ తీయకుండా మోటారు జోలికి పోరాదు. బలమైన అయస్కాంతాలు వేళ్లను నలిపేస్తాయి కనుక అలవాటు లేనివారు పెంకు విప్పకపోవడమే మేలు.

విప్పి చూసేవారెవరు?

ఈ చరిత్ర ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. మోటారు చప్పుడు చేస్తే చక్రంతో సహా మార్చేయడం సులభమైన దారి. యాభై రూపాయలో వంద రూపాయలో చేసే బేరింగుకు బదులు వేల రూపాయల మోటారు మారుతుంది. ఆ సైకిలు మీద రోజూ ఇంటింటికీ భోజనం చేరవేసే కుర్రవాడికి ఈ తేడా కొన్ని రోజుల సంపాదన. అంతకు మించిన నష్టం మరొకటుంది. మార్చేసిన మోటారును ఎవరూ విప్పి చూడకపోతే ఆ చప్పుడుకు కారణమేమిటో ఎవరికీ తెలియకుండానే పోతుంది. అదే చప్పుడు రేపు మరో చక్రంలో వినిపిస్తే జవాబు ఉండదు.

చప్పుడును విశ్లేషించే అప్లికేషన్లు ఈనాడు జేబులోని ఫోనులోనే ఉన్నాయి. కానీ ఫోను పౌనఃపున్యాన్ని చెబుతుంది తప్ప, అది అరిగిన గేరో పగిలిన గుండో దానంతట అది చెప్పదు. ఆ సంబంధాన్ని ఎవరో ఒకరు విని, విప్పి, చూసి, రాసి ఉండాలి. ఐ.టి.ఐ.లలో, వీధి చివరి మరమ్మతు షాపుల్లో ఆ పని చేసేవారు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, విన్న చప్పుడు ఒక పక్క, విప్పితే కనిపించినది మరో పక్క రాసుకుంటే చాలు. రెండు వందల ఏళ్ల కిందట నెకర్ ఆసుపత్రిలో లానెక్ చేసిన పని అదే.