కోజాగిరి వానలో తుల్జాపూర్ పెళ్లి

దాజీ పేట్‌లోని మా ఇంట్లో అందరి పెళ్లి ఫోటోలూ ఉన్నాయి, తాత నాయనమ్మలది తప్ప. వాళ్లు లేచిపోయారు. ఇంట్లో ఈ మాట గట్టిగా అనేవాళ్లు కాదు.

తాత చద్దర్ల మగ్గం నేసే పద్మశాలి. నాయనమ్మ బీడీలు చుట్టేది, వాళ్లది వేరే కులం. రిజిస్టర్ పెళ్లికి 1954 చట్టం ప్రకారం 30 రోజుల ముందు నోటీసు పెట్టాలి. పేటలో 30 రోజులు ఏ మాట దాగుతుంది?

అందుకే కోజాగిరి పున్నమి చూసుకున్నారు. ఆ పున్నమికి షోలాపూర్ నుంచి తుల్జాపూర్‌కి జనం 45 కిలోమీటర్లు నడుస్తారు. ఆ గుంపులో ఇద్దర్ని ఎవరు పట్టించుకుంటారు!

ఆశ్వయుజం వానకి మాట నిలకడ లేదు. పొద్దున ఎండ, బాలాఘాట్ కొండలు ఎక్కుతుంటే ఉరుములు. తునికాకు మూటకి కట్టిన గోనెపట్టాయే ఇద్దరికీ గొడుగట. దసరా తర్వాత నిద్రపోయిన భవానీ అమ్మవారు పున్నమికే లేచి మళ్లీ సింహాసనం ఎక్కుతుంది. తులసి లగ్నం దాకా ఇక్కడ ముహూర్తాలు పెట్టరు, కాబట్టి పంతుల్ని అడగనేలేదు. గోముఖ తీర్థం దగ్గర, తడిసిన బట్టలతోనే, తాత పసుపుతాడు కట్టాడు.

నాయనమ్మ పుట్టింటివాళ్లు మూడేళ్లు గడప తొక్కనివ్వలేదు. నాలుగో కోజాగిరికి వాళ్ల నాన్నే మా గల్లీలోకి వచ్చి, "తుల్జాపూర్ పోతున్న, పిల్లను ఎత్తుకొని మీరూ నడువుండ్రి" అన్నాడట.