మదర్‌బోర్డు దోష సంకేతాలు: దీపాల వరుస నుంచి రెండంకెల గడి దాకా

కొత్తగా అసెంబుల్ చేసిన కంప్యూటర్‌కు మొదటిసారి స్విచ్ వేశారనుకోండి. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉండిపోతుంది. కాస్త ఖరీదైన మదర్‌బోర్డు అయితే దాని అంచున ఒక చిన్న గడిలో రెండు అక్షరాలు వెలుగుతాయి: 55 అనో, డి6 అనో. బెల్లంకొండలో ఉండే విద్యార్థికి ఆ రెండు అక్షరాలు చదవడం రావడం, రాకపోవడం మధ్య చాలా తేడా ఉంది. విడిభాగం మార్చుకోవాలంటే సత్తెనపల్లికో, నరసరావుపేటకో, గుంటూరుకో వెళ్లాలి. ఏది చెడిందో తెలియకపోతే క్యాబినెట్ మొత్తాన్ని మోసుకొని బస్సెక్కాలి. తెలిస్తే ర్యామ్ ఒక్కటి సంచిలో వేసుకొని వెళితే చాలు. ఈ సంకేతాలు ఎలా పుట్టాయో తెలుసుకుంటే వాటిని చదవడం కూడా సులువవుతుంది. అందుకే ఈ భాగంలో వాటి చరిత్రను పరిశీలిద్దాం.

దీపాల కాలం

మన ప్రాంతంలో కంప్యూటర్ తయారీ కథ హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్.తో మొదలవుతుంది. 1967లో ఏర్పడిన ఈ సంస్థకు తొలి సారథి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టి.డి.సి.-12 అనే 12 బిట్ల కంప్యూటర్ 1969లో పనిచేయడం మొదలుపెట్టింది. ఆ వరుసలో ఇ.సి.ఐ.ఎల్. 1970ల మధ్యనాటికి టి.డి.సి.-312, టి.డి.సి.-316 యంత్రాలను తయారుచేసింది.

ఆ తరం మినీ కంప్యూటర్ల ముందు పలక మీద చిన్న దీపాలు, మీటలు ఉండేవి. ఒక్కో దీపం ఒక్కో బిట్. యంత్రం ఆగిపోయినప్పుడు ఏ చిరునామా దగ్గర ఆగిందో, రిజిస్టరులో ఏముందో ఆ దీపాలను చూసి ఇంజినీరు చదువుకునేవాడు. యంత్రం తన జబ్బు పేరు చెప్పేది కాదు, నాడి మాత్రం చూపేది. 1978లో ఐ.బి.ఎం. మన దేశం విడిచి వెళ్లినప్పుడు, అది ఇక్కడ వదిలిన యంత్రాల నిర్వహణ ప్రభుత్వ రంగ సంస్థ సి.ఎం.సి. చేతికి వచ్చింది. దోషాన్ని చదివి సరిచేయగలిగిన మనుషులు లేకపోతే యంత్రం ఎంత విలువైనదైనా మూలన పడే ఇనుమేనని ఆ సందర్భం స్పష్టం చేసింది.

బీప్‌లు, పోర్టు 80

1981 ఆగస్టులో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.కి దీపాల పలక లేదు. ఇళ్లలో, కార్యాలయాల్లో వాడే యంత్రానికి అది నప్పదు. దాని బదులు స్విచ్ వేయగానే తనను తాను పరీక్షించుకునే ప్రోగ్రామును రామ్‌కు కాక, చెరగని రోమ్ చిప్పులోనే పెట్టారు. దీన్నే ‘పోస్ట్’ అంటారు. అంతా బాగుంటే ఒక పొట్టి బీప్. తెర పనిచేస్తుంటే దాని మీద అంకెలు కనిపించేవి: 201 అంటే మెమరీ దోషం, 301 అంటే కీబోర్డు, 601 అంటే ఫ్లాపీ డ్రైవు. తెరే పనిచేయకపోతే? అప్పుడు స్పీకరే దిక్కు.

అంతకంటే చిక్కైన ప్రశ్న మరొకటి ఉంది. మెమరీ కూడా సిద్ధం కాకముందే యంత్రం ఆగిపోతే ఏం చేయాలి? మెమరీ లేనిదే మామూలు ప్రోగ్రాము ఒక అడుగు కూడా సరిగా వేయలేదు. కానీ ఒక అంకెను ఒక పోర్టుకు పంపడానికి మెమరీ అక్కర్లేదు, ప్రాసెసర్‌కు ఒక్క ఆదేశం చాలు. 1984లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. ఏ.టి.లో ప్రతి దశలోనూ ఒక అంకెను పోర్టు 80కి పంపే పద్ధతి పెట్టారు. ఈ 80 పదహారంకెల పద్ధతిలోది, మన లెక్కలో 128. ఆ పోర్టును చదివి రెండంకెలు చూపే కార్డును స్లాటులో గుచ్చితే యంత్రం ఎక్కడిదాకా వచ్చిందో కనబడేది. రిపేరు షాపుల్లో ‘పోస్ట్ కార్డు’ అనేది ఇదే. తపాలా కార్డుతో దీనికి సంబంధం లేదు. తర్వాత ఆ గడినే మదర్‌బోర్డు మీద బిగించారు.

ఇంతలో బయాస్ రాసే కంపెనీలు పెరిగాయి. ఫీనిక్స్, అవార్డ్, 1985లో మొదలైన అమెరికన్ మెగాట్రెండ్స్ ఎవరి భాష వారు తయారుచేసుకున్నారు. అవార్డ్ బయాస్‌లో ఒక దీర్ఘ బీప్, రెండు హ్రస్వ బీప్‌లు తెరకు సంబంధించిన దోషం. అమెరికన్ మెగాట్రెండ్స్‌లో అదే రకం దోషానికి ఎనిమిది బీప్‌లు. కాబట్టి సంకేతం వినగానే అర్థం వెతకకండి. ముందు అది ఎవరి బయాసో చూడండి, ఆ బోర్డు మాన్యువల్లోని పట్టికనే నమ్మండి.

పేరు పాతదే, చోటు మారింది

ఈ చరిత్రలో ఎక్కువమంది పట్టించుకోని మలుపు ఒకటుంది. ఒకప్పుడు మెమరీని నడిపే కంట్రోలర్ మదర్‌బోర్డు మీది చిప్పులో ఉండేది. ఏ.ఎం.డి. 2003లో, ఇంటెల్ 2008లో తమ డెస్క్‌టాప్, సర్వర్ ప్రాసెసర్లలోకి దాన్ని తెచ్చాయి. సంకేతం పేరు మాత్రం మారలేదు. అమెరికన్ మెగాట్రెండ్స్ పట్టికలో 55 అంటే ఇప్పటికీ మెమరీ అమర్చలేదనే అర్థం. కానీ ర్యామ్ నిక్షేపంగా ఉన్నా, ప్రాసెసర్ సాకెట్‌లో ఒక పిన్ను వంగితే కూడా 55 రావచ్చు. ఇది తెలియక మంచి ర్యామ్‌ను తిప్పి పంపేవాళ్లు ఉన్నారు. ముందు ఒకే ర్యామ్‌ను మాన్యువల్ చెప్పిన స్లాటులో ‘టక్’మనేదాకా నొక్కి చూడాలి, అప్పటికీ అదే వస్తే సాకెట్ వైపు చూడాలి.

డి6 సంగతి వేరు. బొమ్మ పంపడానికి పరికరమేదీ దొరకలేదని దాని అర్థం. ఎఫ్ అక్షరంతో ముగిసే ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా వాటిని వాడితే ఈ పరిస్థితి ఎదురవుతుంది. అలాగే ఏడు గీతల గడిలో బి అక్షరం, 6 అంకె ఇంచుమించు ఒకేలా ఉంటాయి. 6కు పైన అడ్డగీత అదనం. దూరం నుంచి చదివి నిర్ణయానికి రాకండి.

గుర్తుంచుకోవలసిన అసలు సంగతి: ఆగిపోయిన అంకె యంత్రం చేరిన చివరి దశను చెబుతుంది, చెడిన భాగాన్ని కాదు. పైగా ఆగిందా, ఇంకా పని జరుగుతోందా అన్నది కూడా చూడాలి. డి.డి.ఆర్.5 ర్యామ్ ఉన్న కొత్త యంత్రాలు మొదటిసారి మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. ఆ సమయంలో తెర నల్లగానే ఉంటుంది, మెమరీ దీపం వెలుగుతూ ఉంటుంది. కంగారుపడి కరెంటు తీసేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది.

చౌక బోర్డుల్లో రెండంకెల గడి ఉండదు. ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్, బూట్ అని నాలుగు చిన్న దీపాలు మాత్రం ఉంటాయి. అవీ లేని బోర్డుల్లో స్పీకరు తగిలించే పిన్నులైనా సాధారణంగా ఉంటాయి, స్పీకరు మాత్రం ఇప్పుడు చాలాసార్లు పెట్టెలో రాదు. విడిభాగాలు కొనేటప్పుడే ఒక చిన్న స్పీకరు కూడా అడిగి తెచ్చుకోండి.

అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న కంప్యూటర్ బయాస్ ఏ కంపెనీదో కనుక్కోండి. దాని మాన్యువల్లో మెమరీకి సంబంధించిన సంకేతాలను గుర్తించి, వాటిలో ఏవి ప్రాసెసర్ సాకెట్ లోపం వల్ల కూడా రావచ్చో కారణంతో రాయండి.