బండికి తొలి దుమ్ము

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని ఖాజాగూడ గుట్టల వైపు నడకకు పోయినప్పుడల్లా ఒక పిడికెడు మొరం తెచ్చుకుంటున్నాను. ఇంట్లో ఎండబెట్టి, చిన్న రోట్లో నూరి, మా నాయిన పాత మల్లుపంచె ముక్కలో వేసి జల్లిస్తాను. ఆయుర్వేద వైద్యులు చూర్ణాలకు చేసే వస్త్రగాళితమే ఇది. అంత మెత్తగా ఎందుకంటే, ఈ మట్టి పడాల్సిన బండి అసలు బండిలో 35వ వంతు. దాని మీద ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు నిలిచినా అది మూడున్నర సెంటీమీటర్ల కంకరరాయి లెక్క.

బండి పేరు సరథ్. జవాన్లను యుద్ధరంగంలోకి తీసుకెళ్లే సాయుధ శకటం. సోవియట్ బీఎంపీ-2ను మన దేశంలో తయారుచేస్తూ పెట్టుకున్న పేరు అది. నడిపే సిబ్బంది ముగ్గురు, లోపల కూర్చునే జవాన్లు ఏడుగురు. 30 మిల్లీమీటర్ల ఫిరంగి ఉంటుంది, నీళ్లలో ఈదగలదు. అసలుది 6.7 మీటర్ల పొడవు. నా బల్ల మీది ప్లాస్టిక్ బండి 19 సెంటీమీటర్లు. నేను రంగు వేస్తున్న మొట్టమొదటి మోడల్ ఇది. మొదలుపెట్టడానికి మరో బండి పేరే నాకు తట్టలేదు. ఎందుకంటే మా నాయిన ఉద్యోగమంతా అసలు సరథ్‌లకు రంగు వేయడంలోనే గడిచింది.

ఖాజాగూడ నుంచి పడమరగా పోతే, సంగారెడ్డి దారిలో ఎద్దుమైలారం వస్తుంది. 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచిన ఇందిరాగాంధీ ప్రధానిగా ఉండగా, 1984లో అక్కడ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మొదలైంది. తొలి సరథ్ 1987లో బయటికొచ్చింది. బండి మీద పెట్టే కొంకుర్స్ క్షిపణి కూడా ఆ దగ్గర్లోనే, భానూరులోని భారత్ డైనమిక్స్ యూనిట్‌లో తయారవుతుంది. 2008లో హైదరాబాద్ ఐఐటీ తొలి తరగతులు నడిచింది కూడా ఈ ఫ్యాక్టరీ ఆవరణలోనే. ఐటీ కారిడార్ అంటే కంప్యూటర్లే అనుకునే మా ఆఫీసు పిల్లలకు, పక్కనే నలభై ఏళ్లుగా ఉక్కు కోసి, అతికి, రంగులద్దే ఒక ఊరుందని చెబితే ఆశ్చర్యపోతారు.

ఆ ఊరి కంటే ముందు కూడా ఈ నేల మీద ఆయుధాలు పోసిన కొలుములున్నాయి. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో హైదరాబాద్‌లో తోపుల కార్ఖానా కట్టించాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. గన్‌ఫౌండ్రీ అనే పేట పేరు అక్కడిదే. ఉత్తరాన నిర్మల్ కొలుముల్లోనూ నిజాం సైన్యానికి ఆయుధాలు తయారయ్యేవి. అదే నిర్మల్‌లో నకాషీ కళాకారులు పొనికి చెక్కతో బొమ్మలు చేసి రంగులు వేశారు. తోపులు పోసిన ఊళ్లోనే బొమ్మలకు ప్రాణం వచ్చిందన్న సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆ బొమ్మ ఎలా తయారవుతుందో తెలుసుకున్నాక నా పని నాకు అర్థమైంది. తేలికైన పొనికి చెక్కను చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో ముక్కలు అతికి, సందులు పూడుస్తారు. ఆరాక నునుపు చేసి, తెల్లమట్టి పూత వేస్తారు. ఆ తెలుపు మీదే రంగులు. ఒకప్పుడు ఆకులు, ఖనిజాల నుంచి తీసిన రంగులు వాడేవారు, తర్వాత కార్లకు వేసే డ్యూకో వచ్చింది. నేను చేసేదీ అదే వరస. ముక్కలు అతికి, సందుల్లో పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, ఆ పైన ఆలివ్ ఆకుపచ్చ. నిర్మల్ చెక్కబొమ్మ నుంచి ఎద్దుమైలారం ఉక్కుబండి దాకా, అక్కడి నుంచి నా ప్లాస్టిక్ దాకా ఈ వరస మారలేదు. రంగు నిలవాలంటే ముందు అడుగు కుదరాలి.

నాయిన నాకు చెప్పిన మొదటి మాట కూడా అడుగు గురించే. "ఏలు పెట్టకు బిడ్డా. ఏలుకు నూనె ఉంటది. నూనె మీద రంగు నిలవది." ఇప్పుడు మోడల్‌ను సబ్బునీళ్లతో కడిగి, ఆరాక చేతికి తొడుగు వేసుకునే పట్టుకుంటున్నాను.

35వ వంతు అనే ఈ కొలత జపాన్ నుంచి వచ్చింది. షిజువోకా పట్టణంలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన టమియా కంపెనీ, మెల్లగా చెక్క మోడళ్లలోకి, 1960లో ప్లాస్టిక్‌లోకి వచ్చింది. ఆ తర్వాత జర్మన్ పాంథర్ ట్యాంకును మోటారుతో కదిలేలా చేయబోయి, లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత వెడల్పు పెట్టారు. తీరా కొలిస్తే అది దాదాపు 35వ వంతు వచ్చింది. బ్యాటరీ సైజు నుంచి పుట్టిన ఆ లెక్కే ఈనాడు సైనిక వాహనాల మోడళ్లకు లోకమంతటా ప్రమాణం.

బండికి దుమ్ము, బురద, తుప్పు పెట్టే పనిని వెదరింగ్ అంటారు. 1970లలో అమెరికాలో షెప్ పైన్, ఆ తర్వాత బెల్జియంలో ఫ్రాన్స్వా వెర్లిండెన్ దానికి పేరు తెచ్చారు. పలుచని ముదురు రంగును మూలల్లోకి పారించడం వాష్. కుంచెను దాదాపు ఆరబెట్టి, అంచుల మీద లేతరంగు తాకించడం డ్రై బ్రష్. మొదటి దానితో లోతు, రెండో దానితో అంచు కనిపిస్తాయి. నిర్మల్ బొమ్మ నిగనిగలాడాలి. ఈ బండి మాత్రం ఎక్కడెక్కడ తిరిగిందో ఒంటి మీద చూపించాలి.

నేను మొదట తప్పు చేశాను. ఎనామిల్ రంగు మీద ఎనామిల్ వాషే వేసి, థిన్నర్‌తో తుడవబోతే కింది ఆకుపచ్చ కూడా గుడ్డకు ఊడొచ్చింది. కింద ఎక్రిలిక్, నడుమ వార్నిష్, పైన ఎనామిల్ వేస్తేనే ఒక పొర జోలికి ఇంకోటి పోదు. మరోసారి ముసురుపట్టిన సాయంత్రం మ్యాట్ వార్నిష్ కొడితే, గాలిలో తేమకు తెల్లగా బూజులా పట్టింది. అప్పటి నుంచి ఎండ కాసే రోజు కోసం ఆగుతున్నాను.

రంగు మళ్లీ వేశాక, అంతవరకు చూసిన మోడళ్ల ఫొటోలన్నీ గుర్తు తెచ్చుకుని తుప్పు మొదలుపెట్టాను. స్పాంజి ముక్కతో అంచుల్లో గోధుమరంగు చుక్కలు పెడుతుంటే నాయిన పక్కన కూర్చున్నాడు.

"ఈ బండి ఏడికి పోయొచ్చింది?"

"ఎక్కడికీ పోలేదు నాయినా. ఎద్దుమైలారంలదే."

"మరి పుట్టిన బండికి తుప్పెక్కడిది బిడ్డా?"

తర్వాత చాలాసేపు చెప్పాడు. బండి తయారయ్యాక నడిపి చూస్తారట. వెనక్కి వచ్చేసరికి చక్రాల చుట్టూ తిరిగే గొలుసుల నుంచి లేచిన దుమ్ము వెనకభాగమంతా కప్పేసి ఉండేదట. ముందు పలుచగా, చక్రాల మీద మందంగా, సందుల్లో ఇంకా మందంగా. కడిగి, తుడిచి, గీత పడిన చోట మళ్లీ రంగు వేసి, కొత్తగా చేసి సైన్యానికి అప్పగించాలి. నాయిన ఎన్నో ఏళ్లు చేసిన పనుల్లో అదొకటి. రాజస్థాన్ ఇసుకకు పోయినా, లడాఖ్ చలికి పోయినా, ప్రతి సరథ్ ఒంటి మీద పడిన తొలి దుమ్ము మా నేలదే. గేటు దాటేలోగా దాన్ని తుడిచేసేవాళ్లు. కాబట్టి పరేడ్ ఫొటోల్లో అది ఎక్కడా కనిపించదు.

తుప్పు చుక్కలన్నీ చెరిపేశాను. మొదటిసారి మోడల్‌కు రంగు వేసేవారికి నేను చెప్పగలిగింది ఇదే: ముందు బండి ఎక్కడుందో, ఆ రోజు ఏం చేసిందో తేల్చుకోండి. మట్టి రంగు, మందం, చోటు వాటంతటవే తేలతాయి. మా ఖాజాగూడ గుట్టలు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. అది చితికి మొరమైంది, మొరం నూరితే లేత ఇటుకరంగు పొడి అయింది. మెత్తని కుంచెతో ఆ పొడిని గొలుసుల మీద, చక్రాల నడుమ, వెనక తలుపుల కింద అద్దాను. థిన్నర్ చుక్క తాకించగానే పొడి నల్లబడి, ఆరేసరికి మళ్లీ లేతబడి అతుక్కుపోయింది.

నాయిన కళ్లజోడు పైకి జరిపి, బండిని వెలుతురుకు తిప్పి చూశాడు. అలవాటుగా పంచె కొంగు అందుకుని వెనక తలుపు దాకా తెచ్చాడు. అక్కడ చెయ్యి ఆపేశాడు. కొంగు వదిలేసి, బండిని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఉండనీ బిడ్డా," అన్నాడు.