పాసు చీటీ నుంచి ఆరోగ్య కార్డు దాకా

ఆస్పరి మీదుగా పోయే రైలు దారికి నూట యాభై ఏళ్లు దాటాయి. మద్రాసు నుంచి బయలుదేరిన ఆ దారి 1871లో రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసింది. అంతకుముందు ఈ నల్లరేగడి నేలల మీద ధాన్యం, ఉప్పు మోసినవి మన సుగాలీల ఎద్దుల బిడారులు, ఎరుకలవాళ్ల గాడిదలు. రైలు వచ్చాక ఆ సరుకు పట్టాలెక్కింది. తరతరాల వ్యాపారం పోయి మనవాళ్లు కూలికి దిగారు.

అదే 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త తెగల చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదిన అమలైన ఈ చట్టం 1911లో సవరణ తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల, సుగాలీలలో చాలా గుంపుల పేర్లు రిజిస్టర్లకెక్కాయి. వేలిముద్రలు తీసుకున్నారు. పిలిచినప్పుడు హాజరు చెప్పాలి. ఊరు దాటాలంటే పాసు చీటీ కావాలి. స్టూవర్టుపురంలోనూ, మన అప్పటి కర్నూలు జిల్లా సిద్ధాపురంలోనూ సెటిల్‌మెంట్లు పెట్టి కుటుంబాలను కాపలాలో ఉంచారు. ప్రభుత్వ కాగితం మీద మన పేరు మొదటిసారి పెద్దఎత్తున ఎక్కింది ఇలాగే. మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న.

చట్టం పోయినా కాగితమంటే భయం అంత తొందరగా పోలేదు. ఆఫీసు మెట్లెక్కడానికి, పేరు రాయించుకోవడానికి మన పెద్దలు ఎందుకు వెనుకాడేవారో ఈ చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది. అది అజ్ఞానం కాదు, అనుభవం.

వైద్యం విషయానికి వస్తే, 1948లో ఇంగ్లండు తన ప్రజలందరికీ ఉచిత వైద్యసేవ మొదలుపెట్టింది. అదే ఏడాది మన దేశంలో ఈఎస్ఐ చట్టం వచ్చింది. కానీ అది ఫ్యాక్టరీ కార్మికులకు. పత్తి ఏరే చేతులకు, మిరప కోసే చేతులకు అందులో చోటు లేదు. గుండెజబ్బో, క్యాన్సరో వస్తే పశువులను అమ్మాలి, లేదా వడ్డీకి తేవాలి. ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకునే దారి ఒకటుండేది. సిఫారసు ఉత్తరం సంపాదించి, హైదరాబాదు దాకా కాగితాలు పంపి ఎదురుచూడాలి. అది దయ కిందికే వచ్చేది, హక్కు కాదు.

2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీని మొదలుపెట్టింది. 2008 జూలై నాటికి అది రాష్ట్రమంతా విస్తరించింది. అప్పట్లో తెల్లరేషన్ కార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేల రూపాయల వరకు పెద్ద జబ్బులకు చికిత్స అందేది. 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అన్నారు, 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అన్నారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2018 సెప్టెంబర్ 23న కేంద్రం ఆయుష్మాన్ భారత్ ప్రారంభించింది. కార్డు మీద బొమ్మలు, పేర్లు మారుతుంటాయి. మన హక్కు వాటితోపాటు మారిపోదు. ఈ మాట తండాలో ప్రతి ఇంటికీ చెప్పాలి.

కార్డు దాచుకుంటే చాలదు, వాడుకోవడం తెలియాలి. ఏ జబ్బుకైనా, ఏ ఆసుపత్రిలోనైనా ఇది చెల్లదు. జబ్బు పథకం జాబితాలో ఉండాలి, ఆసుపత్రి పథకంలో చేరి ఉండాలి. అలాంటి ఆసుపత్రిలో వైద్యమిత్ర అనే ఉద్యోగి కూర్చుంటారు. డబ్బు కట్టకముందే, మందులు బయట కొనకముందే ముందుగా ఆయన్ని కలవాలి. చికిత్సకు అనుమతి ఆయన ద్వారానే అడుగుతారు. అనుమతి వచ్చిన చికిత్సకు ఎవరైనా డబ్బు అడిగితే 104కు ఫోన్ చేయవచ్చు.

మన తండాల్లో చిక్కు ఎక్కువగా పేరు దగ్గరే వస్తుంది. పిలిచే పేరు ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. ఒకచోట నాయక్ ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ఒకచోట బాయి అని, ఇంకోచోట బి అని ఉంటుంది. పెళ్లయిన కూతురి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోతుంది. కొత్తగా పుట్టిన బిడ్డ పేరు ఎక్కనే ఎక్కదు. మామూలు రోజుల్లో ఇవి చిన్న తప్పులు. ఆపరేషన్ బల్ల ముందు ఇవే ప్రాణం మీదికి తెస్తాయి.

ఇంకొకటి సుగ్గి. వానలు మొహం చాటేసిన ఏడాది ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి. కార్డేమో ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంటుంది. రోగమేమో గుంటూరు చేలో వస్తుంది. రాష్ట్రంలో ఎక్కడున్నా పథకంలో ఉన్న ఆసుపత్రిలో కార్డు పనిచేస్తుందని తెలియక, జబ్బు మనిషిని బస్సెక్కించి ఇంటికి తెచ్చేవాళ్లు ఉన్నారు. దారిలో పోయే ఆ గంటలే ప్రాణానికి విలువైనవి. సుగ్గికి పోయేటప్పుడు గిన్నెలు, గోనెసంచులతోపాటు కార్డునూ, ఆధార్‌నూ మూటగట్టుకోవాలి.

ఇక్కడ చదువుకున్న పిల్లల పని, మన ఉపాధ్యాయుల పని మొదలవుతుంది. సుగ్గికి బండి ఎక్కకముందే ఒక సాయంత్రం తండాలో కూర్చుని ఇంటింటి కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. అక్షరం తేడా ఉంటే రాసిపెట్టుకుని గ్రామ సచివాలయంలో దిద్దించండి. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఈ పని చేయగలరు.

మన ముత్తాతల పేర్లను ఎవరో రాసుకున్నారు, వాళ్లను కట్టడి చేయడానికి. ఇప్పుడు మన పేర్లు తప్పు లేకుండా రాయించుకోవడం మన చేతిలో ఉంది.